జీపు తీయించాలి

13 సెప్టెంబరు 2011, మంగళవారం

సకల జనుల సమ్మె మొదలైంది. ఫిజిక్స్ క్లాసు చెప్పడానికని చీర కట్టుకుని, బ్యాగు సర్దుకున్నాక కోచింగ్ సెంటర్ వాచ్‌మన్ ఫోన్ చేశాడు. గేటుకు తాళం వేశారట. మళ్ళీ చెప్పేదాకా రావద్దన్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. బాల్కనీలో నుంచుంటే కింద ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ నడవడం కూడా వినిపిస్తోంది.

విశాఖ నుంచి ఆయన ఫోన్. "ఖాళీయే కదా లలితా, ఎల్బీనగర్ ప్లాటు సంగతి చూడు. ముందు అది, తర్వాత మనం ఉంటున్న ఫ్లాటు. ధర ఇంకా పడకముందే అమ్మేసి డిసెంబరుకల్లా నువ్విక్కడికి వచ్చేయాలి." సరేనన్నాను. బదిలీ చేయించుకుని ఆయన ముందు వెళ్ళేటప్పుడు మేం అనుకున్నదీ అదే.

15 సెప్టెంబరు

బ్రోకర్ రామారావుతో ప్లాటుకు వెళ్ళాను. ఎన్నాళ్ళకు! నడుము ఎత్తున వయ్యారిభామ మొక్కలు, గడ్డి. దాని మధ్యలో జీపు. ప్లాటు కొన్నప్పుడే ఉంది. అమ్మిన మట్టయ్య "జర కొన్ని దినాలుండనియ్యి తల్లీ, తీస్కపోత" అన్నాడు. ఆయన తీసుకుపోలేదు, మేం అడగలేదు.

"ముందు ఈ తుక్కు తీయించండి మేడమ్" అన్నాడు రామారావు. "ఇది చూస్తే కొనేవాళ్ళు కబ్జా అనుకుంటారు. జీపు పోయిన రోజు ఫోన్ చేయండి, మర్నాడే పార్టీని తెస్తాను."

మేం మాట్లాడుతుంటే పక్కింటి గోడ మీంచి ఒకాయన తొంగిచూశాడు. పేరు సైదులు, ఆర్టీసీలో కండక్టరు. మట్టయ్యకు అల్లుడట. తన ఫోన్‌లోనే మామకు కలిపి ఇచ్చాడు.

"ఇంక ఉన్నదా గా జీపు?" అని మట్టయ్య నవ్వాడు. "తుక్కు తల్లీ. పారేస్తవో ఏం జేస్తవో, నీ ఇష్టం. మీ ఇంటాయన శ్రీరామమూర్తి సారు మంచిగున్నడా?"

జీపు తీయించాలి.

17 సెప్టెంబరు

పాత ఇనుము వాడు వచ్చాడు. జీపు చుట్టూ తిరిగి, బానెట్ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, గ్యాస్ కట్టర్‌తో ఇక్కడే ముక్కలు చేస్తానన్నాడు. మంట వెలిగించబోతే వద్దన్నాను. చుట్టూ ఎండుగడ్డి. అంటుకుంటే సైదులుగారి ఇల్లు పక్కనే ఉంది. అందుకే వద్దన్నాను.

అతను విసుక్కుంటూ వెళ్ళిపోయాక గడ్డి పీకించాను. కింద పొట్టిగా, బోసిగా, ఎదురుగా చూస్తున్నట్టు జీపు. గేర్ రాడ్ పక్కన ఇంకో రెండు చిన్న రాడ్లున్నాయి. అవేమిటని అడిగితే సైదులుగారు ఛాతీ విరుచుకున్నారు. "మిలిటరీ బండి మేడం. మా మామ వేలంల పాడుకున్నడు. నాలుగు చక్రాలు లాగుతయి. బురదల, గుట్టమీద, యాడికంటె ఆడికి."

"మీరు నడిపారా?"

"లే. నాకు డ్రైవింగు రాదు."

ముక్కలు చేయకుండా తాడు కట్టి రోడ్డు మీదికి లాగిస్తే సరి. ఎవరో ఒకరు పట్టుకుపోతారు.

19 సెప్టెంబరు

తాడు తెగింది. చక్రాలు తిరగడం లేదు.

ఈరోజు నుంచి ఆర్టీసీ కూడా సమ్మెలోకి దిగింది. సైదులుగారు పొద్దున్నే డిపో దగ్గర ధర్నాకు వెళ్ళి, ఎండెక్కేసరికి వచ్చేశారు. "మద్యాన్నం ఏం జెయ్యాలెనో సమజైతలేదు మేడం. ఇంట్ల కూసుంటే నా పెండ్లాం సంధ్య అన్నిటికీ నన్నే పిలుస్తది." పానాలు, జాకీ ఎక్కడి నుంచో తెచ్చారు. చక్రాలు తిరిగేలా చేస్తే లాగేయొచ్చు. అంతవరకే.

20 సెప్టెంబరు

ఒక చక్రం తిరిగింది.

21 సెప్టెంబరు

రెండోదీ, మూడోదీ, నాలుగోదీ. బ్రేక్ డ్రమ్ములు లోపల తుప్పుతో కరుచుకుపోయాయి. కిరోసిన్ పోసి, నానబెట్టి, చెక్క అడ్డం పెట్టి సుత్తితో కొట్టాం. నేను కొట్టాను! మోచేతులదాకా నల్లటి గ్రీజు. షేర్ ఆటోలో పక్కన కూర్చున్నావిడ కొంగు దగ్గరకు లాక్కుంది. ఇంటికొచ్చి బట్టల సబ్బుతో రుద్దుకుంటూ పాట పాడుతున్నానని కాసేపటికిగాని తెలియలేదు.

చక్రాలు తిరుగుతున్నాయి కనుక ఇక లాగించేయొచ్చు. కాని సైదులుగారు ఒక మాటన్నారు. ఇంజను కూడా తిరిగితే తుక్కు ధరకు కాదు, బండి ధరకే పోతుందని. నిజమే. ఒకసారి చూస్తే నష్టమేముంది?

22 సెప్టెంబరు

ఇంజను బిగుసుకుపోయింది. ముందు బంపర్ రంధ్రంలోంచి ఇనుప హ్యాండిల్ దూర్చి తిప్పాలి. ఇద్దరం కలిసి వేలాడినా కదల్లేదు. కొబ్బరినూనె పోయాలని సైదులుగారు, అది పేరుకుంటుందని నేను. వాదన తేలక నాలుగు రోడ్ల దగ్గర మెకానిక్ అంతయ్యను అడిగాం. బంద్ కనుక సగం షట్టర్ దించి లోపల పేపరు చదువుకుంటున్నాడు. "ఇద్దరిది తప్పే" అన్నాడు తల ఎత్తకుండా. "ప్లగ్గులు తీసి డీజిలు, ఇంజనాయిలు కలిపి పోయిండ్రి. పోసినంక బండిని మర్చిపోండ్రి."

23 సెప్టెంబరు

కదల్లేదు.

24 సెప్టెంబరు

ఆటోలు కూడా బంద్. కొత్తపేట మీదుగా నడిచి వెళ్ళాను. కదల్లేదు.

25 సెప్టెంబరు, ఆదివారం

కదిలింది!

హ్యాండిల్ మీద ఊరికే చెయ్యి వేశాను. లోపల ఏదో గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడు, హ్యాండిల్ పావువంతు తిరిగింది. "సైదులుగారూ!" అని అరిచాను. లుంగీ ఎత్తిపట్టుకుని గోడ దూకి వచ్చారు. వెనకాలే ఆయన భార్య సంధ్యారాణి మెడలో టేపుతో, చేతిలో కత్తెరతో. ఆమె ఇంట్లో బట్టలు కుడుతుంది. ఇన్నాళ్ళూ గోడ అవతలినుంచి మాకు టీ అందించడమే తప్ప ఎక్కువగా మాట్లాడలేదు. ఈరోజు దగ్గరకొచ్చి, హ్యాండిల్ నా చేతిలోంచి తీసుకుని, బొటనవేలు నాలుగు వేళ్ళ పక్కకే పెట్టి చూపించింది.

"ఇట్ల పట్టుకోవాలె అక్కా. బొటనేలు చుట్టు బెడితే ఇంజను ఎన్కకు తన్నినప్పుడు ఇరుగుతది."

ఎలా తెలుసని అడగాల్సింది. సంతోషంలో అడగలేదు.

ఆయన ఫోన్ చేసి ప్లాటు సంగతేమిటన్నారు. శుభ్రం చేయిస్తున్నానన్నాను. అబద్ధం కాదు.

26 సెప్టెంబరు

డ్రైవర్ సీటు కిందే పెట్రోల్ ట్యాంకు. తీసి చూస్తే అడుగున బెల్లప్పాకంలాంటి మడ్డి. గుప్పెడు కంకర, కిరోసిన్ పోసి మూత బిగించి ముగ్గురం పట్టుకుని ఊపాం. ఎలుకలు కొరికిన వైర్లు మార్చాను. సర్క్యూట్లు ఇన్నేళ్ళుగా బోర్డు మీద గీస్తూనే ఉన్నాను. అసలు వైరు చేత్తో పట్టుకుని ఎక్కడ తెగిందో వెతకడంలో ఇంత హాయి ఉంటుందని ఎవరూ చెప్పలేదు. నేనూ పిల్లలకు చెప్పలేదు.

కొత్త బ్యాటరీ కొనడం దండగ. మా ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది.

27 సెప్టెంబరు

బ్యాటరీ ఆటోలో తెచ్చాను. సైదులుగారు ధర్నా నుంచి ఎర్రబడ్డ మొహంతో వచ్చారు. పోలీసు కాపలాతో ప్రైవేటు బస్సులు తిప్పుతున్నారట. డిపో గేటు దగ్గర తోపులాట జరిగిందట.

"మీ ఆంధ్రోళ్ళు గింతే మేడం. మేం జీతాలిడిసి రోడ్ల మీద కూసుంటే మీరు బస్సులు దిప్పి పైసలు చేసుకుంటరు."

"నేనేం బస్సులు తిప్పాను సైదులుగారూ?"

పానా కింద పెట్టి వచ్చేశాను.

ఇంట్లో కరెంటు లేదు. బొగ్గు రాక కోతలు. ఇన్వర్టర్ ఖాళీ. ఉక్కపోతలో కూర్చుంటే మావారి సంగతే గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట ఆఫీసులో ఎదుటి సీటు స్నేహితుడు, ఏళ్ళ తరబడి డబ్బాలో అన్నం పంచుకున్నవాడు, నవ్వుతూ "ఎప్పుడు పోతరు సార్ మీరు?" అన్నాడట. ఈయనా నవ్వారట. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఆ తర్వాతే బదిలీకి పెట్టుకున్నారు.

రేపు ఇనుము వాడిని పిలుస్తాను.

28 సెప్టెంబరు

ఇంట్లోనే. బీరువా సర్దాను.

29 సెప్టెంబరు

ఇంట్లోనే. ఇంకో బీరువా సర్దాను. ఇనుము వాడి నంబరు ఎక్కడ పెట్టానో కనిపించలేదు. వెతకలేదు కూడా.

30 సెప్టెంబరు

సంధ్యారాణి వచ్చింది. మా ఇల్లు ఎలా కనుక్కుందో! సెంటర్ వాచ్‌మన్‌ను అడిగిందట. మంచినీళ్ళు తాగి, చుట్టూ చూసి, పని చెప్పింది.

"జీపు టాపుకు గుడ్డ లేదక్కా. మీ కోచింగుల పాత ఫ్లెక్సీలుంటయి గదా? వాన దిగది. నేను కుడత."

సైదులుగారి గురించి ఒక్క మాట ఎత్తలేదు. నేనే అడిగాను, ఎలా ఉన్నారని. "అన్నం సల్లారినదాక తింటలేడు. మీరు పానా యాడ బెట్టిండ్రో ఆడనే ఉన్నది. ముట్టుకోనిస్తలేడు."

వాచ్‌మన్‌ను బతిమాలి స్టోర్ రూమ్ తీయించాం. పోయినేడాది ర్యాంకర్ల ఫ్లెక్సీ, అందరి మొహాలూ నవ్వుతూ. "లోపలి దిక్కు పెడత. కూసున్నోళ్ళకు కనవడాలె" అంది సంధ్య. దారిలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ దగ్గర ఆగి, పారేసిన ఎండుగడ్డి రెండు గోనెలకు ఎత్తుకున్నాం. సీట్లలో కుక్కడానికి. గడ్డంతా బత్తాయి వాసన.

ప్లాటు దగ్గర సైదులుగారు గోడకు ఆనుకుని ఉన్నారు. నన్ను చూసి లేచారు.

"కోపంల అన్న మేడం. కోపముండుడు తప్పుగాదు. మీ మీద దీసుడు తప్పు."

"కోపం ఎవరిమీదో వాళ్ళ పేరు పెట్టి తిట్టండి. సగం మందిని నేనూ తిడతాను."

ఆయన నవ్వలేదు. "మీరు పోతరా మేడం, నిజంగ?" అన్నారు. ఆ ప్రశ్నే. మావారి స్నేహితుడు అడిగిన ప్రశ్నే. కాని ఇది వేరే ప్రశ్న. నేను పానా తీసుకుని ప్లగ్గులు బిగించాను.

1 అక్టోబరు

స్టార్టయింది!!

మొదట దగ్గు. తర్వాత సైలెన్సర్ లోంచి నల్లటి పొగ, దాంతోపాటు ఏదో పురుగు గూడు ఎగిరి సైదులుగారి ఛాతీ మీద పడింది. తర్వాత గుడగుడమని నిలకడైన చప్పుడు. ముగ్గురం అలాగే నుంచుని విన్నాం. కాలనీ వాళ్ళు గేటు దగ్గర గుమిగూడారు. ఒకావిడ కుంకుమ తెచ్చి బొట్టు పెట్టింది, నాకు కాదు, జీపుకు.

అమ్మితే మంచి ధరే వస్తుంది.

2 అక్టోబరు

అంతయ్య వచ్చి బ్రేకులు చూశాడు. "ఇంజను మీ ఇష్టమున్నట్టు ఆడుకోండ్రి. బ్రేకులు మాత్రం ముట్టకుండ్రి" అని మా ఇద్దర్నీ దూరం జరిపి సాయంత్రందాకా పని చేశాడు. తన షాపులో పాత టైర్లు నాలుగిచ్చాడు.

నడిపి చూడాలి. ఎవరు నడుపుతారు? నాకు లైసెన్సుంది కాని డ్రైవింగ్ స్కూల్ వాళ్ళ చిన్న కారు తప్ప ఏదీ ముట్టలేదు. ఆయన తన కారు స్టీరింగ్ నాకిచ్చింది లేదు. డ్రైవర్ని వెతుకుదామంటే సైదులుగారు తల గోక్కున్నారు.

"డ్రైవరు ఇంట్లనే ఉన్నది మేడం."

సంధ్య చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఎక్కి కూర్చుంది. పెళ్ళికి ముందు వాళ్ళ ఊళ్ళో ట్రాక్టరూ, ఈ జీపూ తనే నడిపేదట. క్లచ్ తొక్కి, గేరు వేసి, గేటు స్తంభానికి జానెడు ఎడంలో రోడ్డెక్కించేసింది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం సంధ్యా?"

"మీరిద్దరు అంత ఖుషీగ రిపేరు జేసుకుంటున్నరు. మధ్యల నేనెందుకు?"

3 అక్టోబరు

చాలా రాయాలి.

రేపు సద్దుల బతుకమ్మ. బస్సులు లేక కాలనీకి తంగేడు పువ్వు రాలేదు. వచ్చిన కాస్తా మండే ధర. "మా ఊరి గుట్ట మీద పచ్చగ పూసి ఉంటది. పోయొద్దామా అక్కా?" అంది సంధ్య. పొద్దున్నే బయల్దేరాం, మేమిద్దరమే. సైదులుగారికి ధర్నా. నెత్తిమీద ర్యాంకర్ల మొహాలు గాలికి ఊగుతుంటే హయత్‌నగర్ దాటాం.

చౌటుప్పల్‌కు ఇవతల రోడ్డు మీద వంటా వార్పూ. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, డేగిసాల్లో అన్నం ఉడుకుతోంది. మెడలో గులాబీ కండువా వేసుకున్న కుర్రాడొకడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"బంద్ అక్కా. వాపస్ పోండ్రి."

"బతుకమ్మ పువ్వులకు పోతున్నం తమ్మీ" అంది సంధ్య.

అతను నావైపు చూశాడు. నేను నోరు తెరిస్తే యాస తెలిసిపోతుంది. తెలిసిపోనీ అనుకున్నాను. "అవును బాబూ, తంగేడు కోసం. దారి ఇంకోటి ఉంటే చెప్పు."

ఒక క్షణం చూసి, కుడివైపు చెయ్యి చాపాడు. "చెరువు కట్ట కిందికెల్లి బాట ఉన్నది. బురద. మీ బండి పోతదా?"

"పోతది" అన్నాం ఇద్దరం ఒకేసారి.

మొన్నటి వానకు బాటంతా బురద. మధ్యలో వెనక చక్రాలు గిర్రున తిరిగి కూరుకుపోయాయి. సంధ్య అరిచింది, "అక్కా, ఆ చిన్న రాడు ముందుకు గుంజుండ్రి!" రెండు చేతులతో పట్టుకుని గుంజాను. లోపల టక్కుమంది. ముందు చక్రాలు నేలను కరిచాయి. జీపు ఒళ్ళు విరుచుకుని నెమ్మదిగా పైకొచ్చింది. మేమిద్దరం మొహాల నిండా బురదతో, పిచ్చివాళ్ళలా నవ్వాం.

గుట్ట నిండా తంగేడు. కింద చేల గట్ల మీద గునుగు పువ్వు. వెనకంతా నింపాం.

తర్వాత మట్టయ్య ఇంటికి. ముసలాయన జీపు చప్పుడు విని గేటు దాకా వచ్చాడు. చుట్టూ తిరిగాడు. బానెట్ ఎత్తించి చూశాడు. "మంచిగ జేసిండ్రు" అన్నాడు. అన్నాలు తిన్నాక, చేతులు తుడుచుకుంటూ నా ముందు కూర్చున్నాడు.

"అమ్మా, నేను నీకు జాగ అమ్మిన. జీపు అమ్మలే."

నాకు అర్థం కాలేదు. "పారేసుకోమన్నారు కదండీ?"

"తుక్కయితే పారేసుకొమ్మన్న. ఇది తుక్కు గాదు గదా." లోపలికి వెళ్ళి జీపు కాగితాలు తెచ్చి సంధ్య ఒళ్ళో పెట్టాడు. "నీకని దాసిపెట్టిన బిడ్డా. ఖరాబైనంక ఇయ్యబుద్ధి గాలే. చెడిపోయిన బండి బిడ్డకెట్ల ఇస్త? గందుకే ఆడ ఇడిసిపెట్టిన."

సంధ్య నా మొహం చూడలేకపోయింది. పెట్టిన ఖర్చు ఇస్తానని మట్టయ్య అంటే వద్దన్నాను. మర్యాదకు అన్నాను. నోరంతా చేదుగా ఉంది. అది రాయకపోతే ఈ డైరీ ఎందుకు?

తిరుగుదారిలో రోడ్డు ఖాళీగా ఉన్న చోట సంధ్య జీపు ఆపి దిగింది.

"మీరు నడుపుండ్రి అక్కా."

"నాకు రాదు సంధ్యా."

"ఒస్తది. నేను పక్కన లేనా?"

నడిపాను. గేరు మార్చినప్పుడల్లా జీపు మూలిగింది. రెండుసార్లు ఆగిపోయింది. తర్వాత ఆగలేదు. వెనకాల పువ్వులు, మొహానికి గాలి, చేతుల్లో స్టీరింగ్ వణుకు. హయత్‌నగర్ దాకా నేనే నడిపాను. చేదు ఎక్కడ పోయిందో చూసుకోలేదు.

ఇక అమ్మడానికి నా దగ్గర జీపు లేదు.

4 అక్టోబరు

బతుకమ్మ. మా ప్లాటులోనే ఆడారు, కాలనీలో చదునుగా ఉన్నది అదొక్కటేనని. నాకు పాట రాదు, చప్పట్లు వచ్చు. ఒకావిడ "మీదే ఊరు?" అంటే దిల్‌సుఖ్‌నగర్ అన్నాను. మామూలుగా బాపట్ల అంటాను.

6 అక్టోబరు, దసరా

ఆయన వచ్చారు. చిక్కారు. వంకాయ కూర ఇష్టంగా తిన్నారు. ప్లాటు రేపు చూద్దామన్నారు. ఇంట్లో ఇన్వర్టర్ పనిచేయడం లేదేమని అడిగారు.

7 అక్టోబరు

తలనొప్పని చెప్పాను.

8 అక్టోబరు

తీసుకెళ్ళాను. గడ్డి లేదు, గోడకు సున్నం, మధ్యలో జీపు. ఆయన టాపు కింద తల పెట్టి ర్యాంకర్ల మొహాలు చూశారు.

"ఇదెవరిది?"

"సంధ్యది. పక్కింటమ్మాయి."

"మరి మన బ్యాటరీ ఇందులో ఎందుకుంది?"

మొత్తం చెప్పాను. చక్రాలు, డీజిలు, కంకర, గుట్ట, అన్నీ. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆయన అడ్డు రాకుండా విన్నారు.

"రామారావు ఏమన్నాడు?"

"నేను ఫోన్ చేయలేదండీ. జీపుండగా ఎవరూ కొనరని."

"ఇప్పుడు నడుస్తోందిగా. వాళ్ళ గేటు ముందు పెట్టుకోమంటే సరి. రామారావుకు నేను చేస్తాను." ఫోన్ తీశారు.

"నేను రానండీ."

ఆయన నంబరు నొక్కడం ఆపారు. నేనూ ఆ మాట అప్పుడే విన్నాను. ఇంతకుముందు నా లోపల కూడా అంత తిన్నగా ఎప్పుడూ అనుకోలేదు.

"విశాఖకు రాను. నా ఉద్యోగం ఇక్కడ, మనుషులు ఇక్కడ. రేపు రాష్ట్రం వస్తుందో రాదో నాకు తెలియదు. వచ్చినా ఇక్కడే ఉంటాను."

ఆయన జీపు మడ్‌గార్డ్ మీద కూర్చున్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు.

"ఆ ఒక్క మాట చెప్పడానికి ఇంత జీపు బాగుచేయాల్సి వచ్చిందా లలితా?"

ఏడుపొచ్చింది. నవ్వూ వచ్చింది. ఆయన రుమాలు ఇచ్చారు. నా చేతికున్న గ్రీజు దానికంటుకుంది.

"నేనూ నీకొకటి చెప్పలేదు" అన్నారు. "అక్కడ క్యాంటీన్లో మొన్న పప్పులో పులుపు చాల్లేదన్నాను. పక్కన కూర్చున్న కుర్రాడు 'మీ హైదరాబాద్ వాళ్ళకి అన్నీ పుల్లగా ఉండాలండీ' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను."

"అన్నం తిన్నారా మరి?"

"తిన్నాను. ఈసారి తిన్నాను."

గోడ మీంచి సంధ్య టీ అందించింది. రెండు గ్లాసులు.

9 అక్టోబరు

అమ్మకాలు ఆపాం. ఆయన ఇంకో ఏడాది అక్కడ చేస్తారు, నేనిక్కడ. తర్వాత సంగతి తర్వాత. సంధ్యను అడిగి జీపు తీసుకుని, ఎల్బీనగర్ చౌరస్తాలో ప్రైవేటు బస్సు దగ్గర నేనే దింపాను. దారంతా ఆయన పైనున్న కమ్మీ వదల్లేదు. దిగేటప్పుడు మాత్రం, "బ్రేకు కొంచెం ముందుగా వెయ్యి. మిగతాదంతా బాగానే ఉంది" అన్నారు. ఆయన నోట "బాగానే ఉంది" అంటే చాలా బాగుందని.

17 అక్టోబరు

ఆర్టీసీ సమ్మె ఆగింది. సెంటర్ తెరిచారు. చౌరస్తాలో ఎక్కిన బస్సులో సైదులుగారే కండక్టర్. ఖాకీలో వేరే మనిషిలా ఉన్నారు. చెయ్యి చాపారు.

"టికెట్ మేడం."

"జీపులో మిమ్మల్ని ఎన్నిసార్లు తిప్పాను?"

"గది నా పెండ్లాం బండి. ఇది సర్కారు బండి. చిల్లరియ్యిండ్రి."

బస్సంతా నవ్వింది. వెళ్ళగానే విద్యుత్తు పాఠం మొదలుపెట్టాను. వైరు ముక్క తీసుకెళ్ళి పిల్లల చేతుల్లో పెట్టాను.

23 అక్టోబరు, ఆదివారం

సంధ్య జీపు తీసుకుని వాళ్ళ నాన్న దగ్గరకు వెళ్ళింది. రెండు రోజులుండి వస్తుంది. నేను ఊరికే ప్లాటుకు వెళ్ళాను. జీపు లేకుండా ఆ జాగాను ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. బోసిగా ఉంటుందని, దిగులేస్తుందని అనుకున్నాను. గేటు తీసి నిలబడితే, ఎంత పెద్దది! ముందు వరండా, పక్కన రెండు గదులు, జీపుకు కావలసినంత చోటు. చెప్పులు విప్పి ఆ మూల నుంచి ఈ మూలకు నడిచాను. పుల్లతో నేలమీద గీతలు గీశాను. వంటిల్లు దగ్గర మూడుసార్లు చెరిపి గీశాను.

ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. నవ్వుతారనుకున్నాను. పెన్ను వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది.

"వంటింటి కిటికీ ఎటు పెట్టావు?"

"తూర్పుకి."

"తూర్పున గాలి రాదే. అటు సైదులుగారి గోడ కదా?"

"అందుకే."